గ్రానోలా కరకరలాడాలంటే

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఓట్స్ అనగానే మనలో చాలామందికి ఉడికించిన జావ గుర్తుకు వస్తుంది. అవే ఓట్స్‌ను పప్పులతో, గింజలతో, తీపితో కలిపి కాలిస్తే గ్రానోలా అవుతుంది. ఇంట్లో చేసిన గ్రానోలా రెండు రోజులకే మెత్తబడిపోతుందన్నది చాలామంది ఫిర్యాదు. ఇంటి వద్దే బేకింగ్ చేసే అతిథి ఈ రోజు మనతో ఉన్నారు. అది ఎందుకు మెత్తబడుతుందండీ?

అతిథి: నమస్కారమండీ. దానికి కారణం తేమ. ఓట్స్‌లోనూ పాకంలోనూ ఉన్న నీటిని నిదానంగా వెళ్లగొట్టడం, అది మళ్లీ లోపలికి చేరకుండా చూసుకోవడం, గ్రానోలా తయారీలో ఉన్న పని అంతా ఇదే. ఇది పట్టుబడితే కొలతలు కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

వ్యాఖ్యాత: అయినా కొత్తగా చేసేవారికి ఒక కొలత కావాలి కదా.

అతిథి: 3 కప్పుల ఓట్స్‌కు, బాదం, జీడిపప్పు, గుమ్మడి గింజలు, నువ్వులు అన్నీ కలిపి 1 కప్పు, కప్పులో మూడో వంతు నూనె, అంతే తేనె, అర చెంచా ఉప్పు తీసుకోండి. తీపి వంటకమే కదా అని ఉప్పు మానేస్తే రుచి చప్పబడుతుంది. ఓట్స్ మాత్రం రోల్డ్ ఓట్స్, అంటే రేకుల్లా అదిమిన రకం, అయి ఉండాలి. రెండు నిమిషాల్లో ఉడికే రకం పలుచగా, పొడిపొడిగా ఉంటుంది కాబట్టి త్వరగా మాడిపోతుంది.

వ్యాఖ్యాత: తేనె బదులు బెల్లం వాడవచ్చా?

అతిథి: నేను వాడేది బెల్లమే, కానీ దానితో కాస్త జాగ్రత్త అవసరం. తురిమి పొడిగా చల్లితే ఓట్స్‌కు అంటుకోదు, నీళ్లు ఎక్కువ పోసి కరిగిస్తే ఆ తడి అంతా ఆరేలోపు పప్పులు మాడిపోతాయి. అందువల్ల అర కప్పు బెల్లం తురుములో రెండు మూడు చెంచాల నీళ్లు మాత్రమే పోసి, కరిగిన తరువాత నలకలు లేకుండా వడకట్టి, మళ్లీ సన్నని సెగ మీద పెట్టి లేత తీగపాకం రాగానే దించి, అందులోనే నూనె గాని కరిగించిన నెయ్యి గాని కలపాలి. పాకం ముదిరితే అది గ్రానోలా కాదు, వేరుశనగ అచ్చు అవుతుంది! ఆరోగ్యం పేరుతో నూనె పూర్తిగా మానేయడం నాకు నచ్చదు. నూనె పూత ఉన్నప్పుడే ప్రతి రేకూ సమంగా వేగుతుంది, లేకపోతే కొన్ని గట్టిబడి కొన్ని పచ్చిగా మిగులుతాయి.

వ్యాఖ్యాత: ఇక కాల్చడం గురించి చెప్పండి.

అతిథి: 150 డిగ్రీల వేడి చాలు. తొందరపడి 180కి పెంచితే తీపి ముందే నల్లబడుతుంది, లోపలి తేమ అలాగే ఉంటుంది. ట్రేలో పలుచగా పరిచి, మధ్యలో ఒకసారి కలుపుతూ 30 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్ అయితే పై రాడ్లకు దూరంగా, కింది అరలో పెట్టండి. బయటికి తీసినప్పుడు మెత్తగానే అనిపిస్తుంది, అది చూసి మళ్లీ లోపల పెట్టకండి; చల్లారేకొద్దీ చక్కెర గట్టిపడి కరకరలాడుతుంది. ముద్దలు ముద్దలుగా కావాలంటే వేడిగా ఉన్నప్పుడే గరిటెతో అదిమి, పూర్తిగా చల్లారేవరకు కదపకూడదు. గుడ్డు తినేవారు కాల్చడానికి ముందు ఒక తెల్లసొన గిలకొట్టి కలిపితే ముద్దలు ఇంకా బాగా నిలుస్తాయి.

వ్యాఖ్యాత: ఎండు ద్రాక్ష, ఖర్జూరం ఎప్పుడు వేయాలి?

అతిథి: ఓవెన్‌లో పెడితే రాళ్లలా గట్టిపడతాయి కాబట్టి కాల్చిన తరువాతే వేయాలి. పైగా వాటిలోని తేమ నిల్వలో ఓట్స్‌కు పాకుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడి వారు వాటిని వేరే డబ్బాలో ఉంచి, తినేటప్పుడు కలుపుకోవడం మంచిది. గ్రానోలా గోరువెచ్చగా ఉండగా మూత పెట్టినా ఆవిరి లోపలే నీరై కూర్చుంటుంది.

వ్యాఖ్యాత: అసలు ఇది ఎక్కడి వంటకమండీ?

అతిథి: అమెరికాది. 1863లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో, జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు పొట్టు తీయని గోధుమపిండితో రొట్టె కాల్చి, విరిచి, మళ్లీ కాల్చి దీనికి ఆద్యమైన వంటకాన్ని తయారుచేశారు. అందులో ఓట్స్ లేవు. తేమ ఎంతగా పోయేదంటే, రాత్రంతా నానబెడితే తప్ప పంటికి లొంగేది కాదు. ఓట్స్‌తో చేసే నేటి రూపం 1960ల తరువాత ప్రచారంలోకి వచ్చింది.

వ్యాఖ్యాత: ఓవెన్ లేనివారి మాటేమిటి?

అతిథి: అడుగు మందంగా ఉన్న మూకుడు చాలు. ఓట్స్‌ను సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, పప్పులు విడిగా వేయించి, పాకం పోసి మరికొన్ని నిమిషాలు కలుపుతూ వేపి, పళ్లెంలో పరిచి ఆరబెట్టాలి. ముద్దలు తక్కువగా వస్తాయి, రుచికి లోటుండదు.

వ్యాఖ్యాత: ఉదయం ఎంత తినవచ్చు?

అతిథి: 100 గ్రాములలో సుమారు 450 కేలరీలు ఉంటాయి కాబట్టి గిన్నె నిండా పోసుకునే పదార్థం కాదు. ఒక కప్పు పెరుగు, అరటిపండు ముక్కలు వేసుకుని, పైన నాలుగైదు చెంచాల గ్రానోలాను తినబోయే ముందు మాత్రమే చల్లుకోండి.