శకటు (బిషప్) మిగిలినా గెలుపు ఎందుకు రాలేదు?

నమస్కారం. తిరుపతిలో ఇద్దరు క్లబ్బు స్థాయి ఆటగాళ్ల మధ్య గత ఆదివారం జరిగిన చదరంగం ఆట డ్రాగా ముగిసినప్పటి నుంచి ఒకే మాట వినవలసి వస్తోంది: "తెలుపుకు శకటూ బంటూ మిగిలాయి, నలుపుకు ఒంటరి రాజు తప్ప ఏమీ లేదు, అయినా అర పాయింటేనా?" చేతికొచ్చిన గెలుపును చివర్లో పోగొట్టుకున్నాడని తెలుపు ఆటగాణ్ని అందరూ నిందిస్తున్నారు గానీ, ఆ స్థితిలో ప్రపంచ విజేత వచ్చి కూర్చున్నా గెలవలేడు.

బల్ల చూడండి (నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు). తెల్ల రాజు జీ6లో, శకటు ఈ6లో, బంటు హెచ్5లో ఉన్నాయి. నల్ల రాజు హెచ్8 మూలలో ఉన్నాడు. బంటు చివరి గడికి చేరి మంత్రి కావలసిన ఆ మూల నల్ల గడి, ఏటవాలుగా మాత్రమే కదిలే ఈ శకటు తిరిగేది ఎప్పుడూ తెల్ల గళ్లలోనే. అలిపిరి మెట్లదారిలో చివరి మెట్టు మీద ఒకాయన కూర్చుని లేవనంటే, శ్రీవారి మెట్టు దారిలో వస్తున్న మీ స్నేహితుడు ఎంత బలవంతుడైనా ఆయనను లేపలేడు కదా! (కొండ మీద ఆ రెండు దారులూ కలుస్తాయి, శకటుకు ఆ భాగ్యమూ లేదు.) తెల్ల రాజు అలిపిరి దారిలోనే వచ్చినా, కూర్చున్నవాణ్ని తాకకుండా పక్కన నిలబడటం మాత్రమే అతనికి చేతనవును. ఇప్పుడు బంటును హెచ్6కు జరిపితే నల్ల రాజుకు షా (రాజు మీద దాడి) లేదు, కదలడానికి గడీ లేదు, అది స్టేల్‌మేట్, అంటే డ్రా. శకటు పక్కకు తప్పుకుంటే అతను జీ8కీ హెచ్8కీ మధ్య తిరుగుతూ కాలక్షేపం చేస్తాడు.

తప్పు జరిగింది అంతకు చాలా ముందు. తెలుపుకు జీ వరుసలో ఇంకొక బంటు ఉండేది. జీ8 తెల్ల గడి, అంటే స్నేహితుడు నడిచే దారిలోని మెట్టే; అక్కడ ఎవరు కూర్చున్నా లేపగలడు. అది గ్రహించిన నలుపు ఆటగాడు తన చివరి గుర్రాన్ని బలిచ్చి ఆ బంటును తీసుకున్నాడు. చూస్తున్నవారు అతను పొరపడ్డాడనుకున్నారు. నా లెక్కలో ఆ ఆటంతటికీ అదే ఉత్తమమైన ఎత్తు.

సమయం మించిపోతోంది కనుక మిగతావి త్వరగా చెబుతాను. బంటును కదపకుండా, ఏ పావూ తీయకుండా ఇరువైపులా 50 ఎత్తులు గడిచినా, ఒకే స్థితి మూడుసార్లు వచ్చినా డ్రా కోరవచ్చు. నల్ల రాజు మూలకు చేరలేకపోతే మాత్రం తెలుపు గెలుస్తుంది. తెల్ల బంటు హెచ్‌లో కాక 'ఏ' అక్షరపు నిలువు వరుసలో ఉంటే మూల ఏ8, అది తెల్ల గడి కనుక అక్కడ పనికిరానిది నల్ల గళ్ల శకటు.