ఆశ్రమంలో గడియారం ఎవరిది?

(అక్టోబరు 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం నాడు కాకినాడలో పెన్షనర్ల సమావేశంలో ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ముఖ్యంగా వెనక వరసలో ఫ్యాను చూసుకుని కూర్చున్న మా రిటైర్డ్ నర్సులకి నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఇంట్లో ఇప్పటికే పదకొండున్నాయి. వచ్చే ఏడు దుప్పటి ఇస్తే వాడుకుంటాను.

నాకిచ్చిన అంశం ‘మంచి వృద్ధాశ్రమాన్ని ఎంచుకోవడం ఎలా? పది సూత్రాలు’. కార్యదర్శిగారు వారం రోజులు ఫోన్లు చేసి పదీ రాయించారు. ఆ కాగితం ఇదిగో, నా చేతిలోనే ఉంది. కానీ రాస్తున్నంతసేపూ మా అక్కే గుర్తొచ్చింది. అందుకని ముందు అక్క సంగతి చెప్పేస్తాను. టైమ్ మిగిలితే సూత్రాలు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. బావగారు పోయారు, పిల్లలు లేరు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచేది. షుగరు, రోజుకి మూడు పూటలా ఇన్సులిన్. నేనుండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ‘నిన్ను ఇబ్బంది పెట్టనే, ఏదైనా హోములో చేర్పించు’ అని తనే అంది. సరే, చూడ్డానికి వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళు గవర్నమెంటు ఆసుపత్రిలో పనిచేసిన మనిషిని కదా, నేను చూస్తే ఇక తిరుగుండదని మా వాళ్ళందరి నమ్మకం.

ఏం చూశానో చెప్పనా? గేటు పక్కన తులసికోట చూశాను. కాగితంపూల చెట్టు చూశాను. భజన హాలు, గోడకి పెద్ద టీవీ. అద్దంలా మెరిసిపోతున్న టైల్స్ చూసి ‘ఎంత శుభ్రంగా ఉంచారో’ అని మెచ్చుకున్నాను. ఆ టైల్స్ మీద నీళ్ళు పడితే కాలీడ్చే మనిషి గతేమిటని ఆలోచించలేదు. మేనేజరుగారు మాటకి ముందో అమ్మా, వెనకో అమ్మా అన్నారు. డిపాజిట్ కట్టి, సంతకం పెట్టి వచ్చేశాను. బాత్రూమ్ తలుపు తీసి చూడలేదు. రాత్రి ఎంతమంది ఉంటారని అడగలేదు. ఆసుపత్రిలో రౌండ్సుకి వెళ్తే మంచం కింద దాచిన పాన్ ఉమ్మి కూడా పట్టుకునేదాన్ని. సొంత అక్క దగ్గరికొచ్చేసరికి పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళొచ్చాను.

నాలుగో నెల. ఆదివారం. అక్కడ మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకి. అక్కకి పన్నెండింటికి ఇన్సులిన్ ఇచ్చారు. ఆమెకి రాసిన రకం సూది వేశాక అరగంటలో అన్నం పడాలి, అది నిజమే, తప్పేం లేదు. కానీ ఆ రోజు భోజనం ఒక దాతది. వాళ్ళబ్బాయి పుట్టినరోజు. పిల్లాడొచ్చి కేకు కోశాకే వడ్డన అన్నారు. అందరినీ వరసగా కూర్చోబెట్టి ఆకులేశారు, నీళ్ళు చల్లారు, వెనక ఫ్లెక్సీ కట్టారు. దాతగారు వచ్చేసరికి ఒంటిగంటా యాభై.

ఒంటిగంటకే మా అక్క ఆకు మీద తల వాల్చేసింది. కునుకు తీస్తోందనుకున్నారు. ముసలివాళ్ళు కునికిపాట్లు పడతారు కదా! ఆ రోజు తీసిన ఫోటో నా దగ్గరుంది. ముందు వరసలో పిల్లాడు, కేకు, చప్పట్లు. రెండో వరసలో ఎడమవైపు అరిటాకు మీద నెరిసిన తల ఒకటి. పక్కనున్న మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా, చెమటతో తడిసి ఉంది. ఆయన కేకేస్తే అప్పుడు పరిగెత్తారు. కంగారులో ఒకమ్మాయి నోట్లో పంచదార నీళ్ళు పోయబోయింది. స్పృహ లేని మనిషికి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్టారే ఆపారు. ఆసుపత్రికి తీసుకెళ్ళి చూస్తే షుగరు 38. డెబ్బై కిందకి దిగితేనే ప్రమాదమంటాం.

బతికింది. కానీ ఆ తర్వాత మాటలు తడుముకునేది. నన్ను మా అమ్మ పేరు పెట్టి పిలిచేది. మంచం దిగలేదు.

ఇప్పుడొక ప్రశ్న. మీలో ఎంతమంది పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో, పెద్దల తిథికో ఆశ్రమంలో భోజనాలు పెట్టారు? చేతులెత్తండి, మొహమాటం వద్దు. ఆ, దాదాపు అందరూ. దించకండి. ఎన్నింటికి వెళ్ళారు?

ఎందుకు దించేశారు? నేనూ ఎత్తుతున్నాను, చూడండి. మా వారి సంవత్సరీకానికి నేనూ ఒక ఆశ్రమంలో భోజనం పెట్టాను. అది అక్క సంగతి జరగడానికి రెండేళ్ళ ముందు. క్యాటరింగ్ వ్యాను ఆలస్యమై ఒంటిగంటా నలభైకి చేరింది. నలభై మంది చేతులు కడుక్కుని కూర్చుని ఉన్నారు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా అక్షింతలు వేసి దీవించారు. ఇంటికొచ్చి తృప్తిగా పడుకున్నాను. ఆ నలభై మందిలో పన్నెండింటికి సూది వేయించుకున్నవాళ్ళు ఎందరో నేను అడగలేదు, నర్సుని అయ్యుండి.

పెట్టొద్దని అనడం లేదు. అన్నదానాన్ని తప్పుపట్టేంతదాన్ని కాదు. కానీ ఒక ఆశ్రమం మంచిదో కాదో తేల్చాలంటే అక్కడ గడియారం ఎవరిదో చూడండి. దాత ఆలస్యమైతే ‘మా వాళ్ళకి వడ్డించేస్తున్నామండీ, మీరొచ్చాక పాయసం పెడుదురుగాని’ అనే ధైర్యం మేనేజరుకి ఉందా? అడగండి. ఆ ఒక్క జవాబుతో నా పది సూత్రాల్లో ఆరు తేలిపోతాయి. దాతలూ, ముందురోజే ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కోండి. డైపర్లు కావాలంటారు, షుగర్ చూసే స్ట్రిప్స్ కావాలంటారు, ఎయిర్ బెడ్ కావాలంటారు. ఒక రోజు మూడు పుట్టినరోజులు, మూడు రకాల స్వీట్లు, మర్నాడు డైపర్లు మార్చడానికి లేవు. ఇది నేను కళ్ళారా చూసిన మాట.

ఇక మడమ. అక్క మంచాన పడ్డాక ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. దుప్పటి మీద ముడత ఉండేది కాదు, పౌడరు వాసన వచ్చేది. ఒక రోజు కాళ్ళు ఒత్తుదామని మేజోడు తీశాను. కుడి మడమ కింద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. చుట్టూ చర్మం వేడిగా ఉంది. బెడ్ సోర్, అంటే కదలకుండా మంచాన పడి ఉంటే పడే పుండు, ఇలా కూడా మొదలవుతుంది. తెల్లతోలు వాళ్ళకి ఎర్రగా కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, మన చామనఛాయకి ఆ ఎరుపు తెలీదు. చేత్తో తాకి వేడో, గట్టిదనమో చూసుకోవాలి. కదల్లేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. పగలు తిప్పుతున్నారు, ఒప్పుకుంటాను. రాత్రి? మంచం దగ్గర చార్టు వేలాడుతోంది. పది, పన్నెండు, రెండు, నాలుగు, అన్నింటికీ టిక్కులు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క గుక్కలో పెట్టినవి. నేనూ చార్టులు రాసినదాన్నే, నాకు తెలీదా!

తర్వాత తెలిసింది, నలభై మందికి రాత్రిపూట ఒక్కతే అమ్మాయి. పంతొమ్మిదేళ్ళది. ఆ పిల్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అక్క మంచం పక్కన కాలింగ్ బెల్ ఉంది. దాని తాడు చుట్టచుట్టి కిటికీ ఊచకి ముడేసి ఉంది, చేతికందకుండా. ఎవరు కట్టారో నేను అడగలేదు.

అక్కని ఇంటికి తెచ్చేసుకున్నాను. మూడో అంతస్తుకి కుర్చీలో మోసుకెళ్ళారు. ఎనిమిది నెలలు ఉంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ఐదు నిమిషాలట. సరే.

రాత్రి గురించి ఎందుకింత చెబుతున్నానంటే, పెద్ద ప్రమాదాలు జరిగే వేళ అదే. 2001 ఆగస్టు 6న తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన ఆశ్రమంలో తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. 2023 జనవరి 1న, అందరూ హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకుని పడుకున్న వేళ, ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో వృద్ధుల కేర్ హోములో మంటలొచ్చి ఇద్దరు పెద్దావిడలు చనిపోయారు. మతిమరుపు వాళ్ళు బయటికి పోతారని మన హోముల్లో రాత్రి గ్రిల్‌కి తాళం వేస్తారు. వెయ్యక తప్పదు, నిజమే. ఆ తాళంచెవి ఎక్కడుంటుంది? ఇంటికెళ్ళిన వాచ్‌మన్ జేబులోనా? అది అడగండి. రెండో అంతస్తులో మంచం పట్టినవాళ్ళు ఉంటే ఎలా దింపుతారో అడగండి. చున్నీతో చేతులు కట్టడం, గొడవ చేయకుండా నిద్రమాత్ర వేసేయడం కూడా రాత్రిపూట పనులే. డాక్టరు రాసిన చీటీ చూపించమనండి.

బాత్రూమ్ గురించి ఒక్కటే చెప్తాను. తలుపు లోపలికి తెరుచుకుంటే మంచిది కాదు. లోపల పడిపోయిన మనిషే తలుపుకి అడ్డమవుతారు, బయటనుంచి తోయలేం. మనలో చాలామంది ఇళ్ళల్లో కూడా అంతే, వెళ్ళి చూసుకోండి.

చట్టం సంగతి అడుగుతారు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. మనలో కొందరు దాని కింద ఆర్డీవోగారి ట్రిబ్యునల్‌కి తిరిగినవాళ్ళే. అందులో 19వ సెక్షన్ చూడండి. దిక్కులేని వృద్ధులకి ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చు, జిల్లాకి కనీసం ఒకటి, 150 మందికి తగ్గకుండా. వాటిలో వైద్యానికి, వినోదానికి ఉండాల్సిన ప్రమాణాలు కూడా నిర్ణయించవచ్చు. ఆ ‘వచ్చు’ దగ్గరే మన బతుకు ఆగింది. 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ప్రైవేటు హోములు కూడా రిజిస్టరు కావాలని అందులో ఉంది. ఆ లోక్‌సభ గడువు తీరింది, బిల్లూ దానితోపాటే పోయింది.

నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఒకతి ఇంగ్లండులో కేర్ హోములో చేస్తోంది. అక్కడ కేర్ క్వాలిటీ కమిషన్ అని ఉంది. వాళ్ళు వచ్చి చూసి నాలుగు రకాల గ్రేడుల్లో ఒకటి ఇస్తారు. ఆ గ్రేడు మంచిదైనా చెడ్డదైనా హోములో అందరికీ కనపడేలా పెట్టి తీరాలి. అక్కడా ఘోరాలు జరుగుతాయి, జరగవని కాదు. కానీ మన దగ్గర గోడ మీద ఉండేది దాతల పేర్లు చెక్కిన పాలరాయి.

అన్యాయం జరుగుతోందని తెలిస్తే 14567కి ఫోన్ చెయ్యండి. ఎల్డర్‌లైన్, డబ్బులు పడవు. రాసుకోండి, చెప్తాను మళ్ళీ. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు.

ఈ కాగితంలో ఇంకా కొన్ని సూత్రాలు మిగిలాయి. జిరాక్స్ తీయించి గుమ్మం దగ్గర పెడతారు, పట్టుకెళ్ళండి. నాకు కావలసింది వేరు. మన ఊళ్ళో ఒక హోము యజమానిని అడిగాను, ‘రాత్రి తొమ్మిదింటికి నలుగురం వచ్చి చూస్తాం, రోజు మాత్రం ముందు చెప్పం’ అని. ఆయన కాసేపు ఆలోచించి రండి అన్నారు. ఆ ఆలోచించడం నాకు నచ్చింది. ఇంకో ముగ్గురు కావాలి. మెట్లు ఎక్కగలిగినవాళ్ళు, మంచం పక్కన కూర్చుని దుప్పటి ఎత్తి చూడ్డానికి సిగ్గుపడనివాళ్ళు. టార్చిలైటు నేను తెస్తాను. ఏ రోజో ఇక్కడ చెప్పను, మైకు చాలా దూరం వినపడుతోంది. వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర నాకు చెవిలో చెప్పండి.

భోజనం అంటే గుర్తొచ్చింది. టైమ్ పన్నెండూ ఇరవై. ఇక్కడ ఇన్సులిన్ వేసుకుని వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వందన సమర్పణ కోసం ఆగకుండా లేచి వెళ్ళిపోండి.