చిరునామా ఉన్న అభిప్రాయం

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇదే గదిలో కూర్చున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బ్రిటిష్ గాయని కేట్ బుష్ ఆల్బమ్ ‘హౌండ్స్ ఆఫ్ లవ్’ రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని విన్నాం. ఒకటి 1985 నాటి సీడీ, రెండోది 2018లో వచ్చిన రీమాస్టర్, అంటే పాత రికార్డింగునే కొత్తగా సర్ది వేసిన ప్రతి. ఏది ఏదో చెప్పకుండా ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ మొదటి రెండు నిమిషాలు వినిపించాను. ఒక్కరు తప్ప అందరూ రెండోదానికే చెయ్యెత్తారు. “డ్రమ్ము గుండెకు తగులుతోంది” అన్నారొకరు. “ఆమె గొంతు మన ముందుకొచ్చి నిలబడింది” అన్నారింకొకరు. చెయ్యెత్తని పెద్దాయన మాత్రం “రెండోది గట్టిగా ఉంది, అంతే కదండీ” అని నసిగి ఊరుకున్నారు.

టీ తాగి వచ్చాక రెండో విడత. ఈసారి శబ్దం కొలిచే మీటరు చూసుకుంటూ కొత్త ప్రతి వాల్యూమ్ కొద్దిగా తగ్గించి, రెంటినీ ఒకే స్థాయికి తెచ్చాను. గది సగానికి సగం చీలిపోయింది. డ్రమ్ము గుండెకు తగిలినాయన పాత ప్రతికి చెయ్యెత్తి, సంగతి తెలిశాక నాలుక కరుచుకున్నారు.

ఆ రోజు కొందరు నవ్వుతూనే నన్ను మోసగాడన్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆ మోసానికి మూలం మన చెవిలోనే ఉంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవి బాగా కింది స్వరాలనూ, బాగా పై స్వరాలనూ సరిగా అందుకోలేదు. వాల్యూమ్ పెరిగేకొద్దీ ఆ రెండు అంచులూ తేరుకుంటాయి. అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని గీతలు గీసి మరీ చూపించారు. అందుకే ఒకే పాటను కొంచెం పెంచి వినిపిస్తే, పెంచారన్న సంగతి మనకు తోచదు. నిండుగా ఉందనిపిస్తుంది, స్పష్టంగా ఉందనిపిస్తుంది. రికార్డు కంపెనీలు ఈ బలహీనత మీద చాలా ఏళ్లు బతికాయి. సీడీలో శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటి పోవడానికి లేదు. కాబట్టి కప్పుకు తగిలే శిఖరాలను నొక్కేసి, మిగతాదంతా పైకి లేపారు. 2008లో మెటాలికా అనే రాక్ బృందం ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు, అవే పాటలు ఒక వీడియో గేములో ఇంత నలగకుండా వినిపిస్తున్నాయని శ్రోతలే కనిపెట్టి, మళ్లీ చేసి ఇవ్వమని సంతకాలు సేకరించారు. ఈ పోటీకి ఇప్పుడు కాస్త పస తగ్గింది. స్పాటిఫై లాంటి సేవలు పాటలన్నిటినీ ఇంచుమించు ఒకే స్థాయికి సర్ది వినిపిస్తున్నాయి కాబట్టి, గట్టిగా అరిచినవాడికి అదనపు లాభం లేదు.

సరే, వాల్యూమ్ సంగతి పక్కన పెడదాం. సమం చేశాక కూడా గది చీలింది కదా. ఆ మిగిలిన తేడా దేనిది?

రీమాస్టర్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని రీమిక్స్‌తో కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ. రీమిక్స్ చేసేవాడి దగ్గర గొంతు వేరుగా, డ్రమ్ము వేరుగా, వయొలిన్ వేరుగా ఉన్న టేపులుంటాయి. రీమాస్టర్ చేసేవాడి చేతికి వచ్చేది అన్నీ కలిసిపోయిన రెండు చానెళ్ల టేపు. అది ఉడికిన పులుసు. ఉప్పు వేయవచ్చు, ఇంకాస్త మరిగించవచ్చు, చింతపండును మాత్రం వెనక్కి తీయలేం. గొంతుండే ప్రాంతాన్ని పెంచితే అదే ప్రాంతంలో ఉన్న వయొలిన్ కూడా పెరుగుతుంది. “రీమాస్టర్‌లో గొంతు ఒక్కటే పైకి వచ్చింది” అని ఎవరైనా అంటే వాళ్లు విన్నది అబద్ధమని నేను అనను. దానితో పాటు ఇంకేం కదిలిందో కూడా వినండి అంటాను.

ఇప్పుడు ఈ ఆల్బమ్ ఎలా తయారైందో చూడండి. కేట్ బుష్ అప్పటికి లండన్ స్టూడియోలకు గంటల లెక్కన అద్దె కట్టి విసిగిపోయింది. తల్లిదండ్రుల ఇంటి ఆవరణలో ఉన్న పాత కొట్టంలో 48 ట్రాకుల స్టూడియో కట్టించుకుంది. శబ్దాలను పట్టి మీటలతో వాయించే ఫెయిర్‌లైట్ అనే సాంప్లర్ యంత్రం ముందు కూర్చుని, ఇంట్లో చేసుకున్న నమూనా రికార్డింగులను పారేయకుండా వాటి మీదే పొరలు పొరలుగా పేర్చుకుంటూ పోయింది. నిర్మాత కూడా తానే. రికార్డు మొదటి వైపు అయిదు పాటలు. రెండో వైపు ‘ది నైన్త్ వేవ్’ అనే ఏడు పాటల ఒకే కథ: రాత్రివేళ సముద్రంలో ఒంటరిగా తేలుతున్న మనిషి తెల్లవారేదాకా నిద్రపోకుండా ఉండటానికి పడే పాట్లు. గుసగుసలు, ముక్కలు ముక్కలుగా నరికిన గొంతు, ఐర్లండ్ వాద్యాలు, ఒకచోట జార్జియా దేశపు జానపద గీతాన్ని పాడే బృందం.

అందులో ‘వేకింగ్ ద విచ్’ అనే పాటలో ఒక హెలికాప్టర్ వస్తుంది. అది పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 1979లో తెచ్చిన ‘ది వాల్’ నుంచి తీసుకున్న శబ్దం. ‘ది వాల్’కు సౌండ్ ఇంజనీరు, సహనిర్మాత జేమ్స్ గత్రీ. 2018లో కేట్ బుష్‌తో కూర్చుని ఈ రీమాస్టర్ చేసింది కూడా జేమ్స్ గత్రీయే. దాదాపు నలభై ఏళ్ల కింద తాను పనిచేసిన రికార్డులోని హెలికాప్టర్, ఇంకొకరి పాటలో ఎగురుతూ తిరిగి ఆయన టేబుల్ మీదికే వచ్చి వాలింది. ఆ క్షణంలో ఆయన శబ్దం స్థాయి మార్చే ఫేడర్ మీటను పైకి జరిపి ఉంటాడా, కిందికి జరిపి ఉంటాడా అని నాకు ఎప్పుడూ ఒక కొంటె సందేహం.

ఈ ఆల్బమ్ రీమాస్టర్ మీద శ్రోతల మాటలు నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. పాతది పలచగా ఉంది, కొత్తదానికి కండ పట్టింది అంటారు కొందరు. పాతదానిలో గాలి ఆడుతుంది, కొత్తది గది తలుపులు మూసినట్టుంది అంటారు ఇంకొందరు. ఎల్‌పీ, అంటే సూదితో తిరిగే పాత రికార్డు, వినని వాళ్లకు దీని గురించి మాట్లాడే హక్కే లేదనే మూడో వర్గం ఒకటి ఉంది. ఈ మూడో వర్గం మీద నాకు ప్రేమ ఉంది కానీ ఒక ఫిర్యాదు కూడా ఉంది. రెండో వైపు 26 నిమిషాలు. ఎల్‌పీ ఒక వైపుకు అది ఎక్కువే. అంతసేపు పట్టాలంటే గాడులు సన్నగా, దగ్గర దగ్గరగా చెక్కాలి, శబ్దం స్థాయి తగ్గించాలి. పైగా రికార్డు తిరిగే వేగం మారకపోయినా, సూది కింద గాడి పరుగెత్తే వేగం అంచు దగ్గర సెకనుకు అర మీటరు ఉంటే లోపలికి వచ్చేసరికి సగం కూడా ఉండదు. ఆ లోపలి గాడుల్లో ఏముందో తెలుసా? ‘ది మార్నింగ్ ఫాగ్’. తెల్లవారింది, మనిషి బతికింది, శాస్త్రీయ గిటారు వాద్యకారుడు జాన్ విలియమ్స్ గిటారు మంచు బిందువుల్లా రాలుతుంది. ఆల్బమ్ మొత్తంలో అతి సున్నితమైన చోటు, ఎల్‌పీకి అతి కష్టమైన చోటు ఒకటే అయ్యాయి.

నేను అందరినీ వెక్కిరిస్తున్నట్టు అనిపిస్తే ఆగి నా కథ కూడా చెబుతాను. మా ఇంట్లో ఘంటసాల పద్యాల క్యాసెట్ ఒకటి ఉండేది. మా నాన్నగారి టేప్ రికార్డర్ మోటారు ఉండాల్సిన దానికన్నా కాస్త వేగంగా తిరిగేది. మాకెవరికీ తెలియదు, ఇంట్లో ఉన్నది అదొక్కటే కదా. చాలా ఏళ్లకు అవే పద్యాల సీడీ కొన్నాను. మొదటి పద్యం రాగానే నా మొహం మాడిపోయింది. ఘంటసాల గారు నీరసంగా ఉన్నారు! శ్రుతి కిందికి దిగింది! దుకాణంవాడికి తిరిగి ఇచ్చేద్దామని కూడా అనుకున్నాను. హార్మోనియం తెలిసిన మా మేనమామ వచ్చి సీడీ శ్రుతే సరైనదని తేల్చారు. ఆయన చెప్పింది నిజమని తెలుసు. అయినా ఈ రోజుకీ నా లోపల పాడే ఘంటసాల మా మోటారు వేగంతోనే పాడతారు. కాబట్టి “నాకు పాతదే ఇష్టం” అని ఎవరైనా అంటే నేను వాదించను. అది వాళ్ల ఇంటి మాట, వాళ్ల ఇల్లు వాళ్లది. “పాతదే బాగా తయారైంది” అంటే మాత్రం ఒక్క ప్రశ్న వేస్తాను: ఎక్కడ? ఏ పాటలో, ఎన్నో నిమిషంలో?

ఇదే నేను చెప్పదలచుకున్నది. అభిప్రాయానికి చిరునామా ఉండాలి. రెండు ఉదంతాలు చెబుతాను, రెండూ శ్రోతలకు సంబంధించినవే.

2017లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ పాత ఆల్బమ్‌ల పెట్టె ఒకటి రీమాస్టర్ చేసి అమ్మారు. అందులో ‘హీరోస్’ పాట వింటూ శ్రోతలు ఒకచోట ఆగిపోయారు: పాట మధ్యలో ఉన్నట్టుండి శబ్దం తగ్గుతోంది. “బాగా లేదు” అని ఊరుకోలేదు, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించారు. అసలు టేపు దెబ్బతిన్నది, దాన్ని సరిచేయబోతే ఇలా వచ్చింది అని కంపెనీ మొదట సమర్థించుకోబోయింది. చిరునామా ఉన్న ఫిర్యాదు ముందు ఆ మాట నిలవలేదు. చివరికి ఆ డిస్కులు సరిచేసి, కొన్నవాళ్లకు మార్చి ఇచ్చారు.

రెండోది 2022లో జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ ఖరీదైన ఎల్‌పీలు వేస్తుంది. అసలు టేపు నుంచి నేరుగా, మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా చెక్కుతారని కొనేవాళ్లంతా నమ్మారు. “డిజిటల్‌లో ఈ వెచ్చదనం ఎక్కడ వస్తుంది” అని ఆ రికార్డులనే సాక్ష్యంగా చూపించేవాళ్లు. తీరా చూస్తే చాలా ఏళ్లుగా మధ్యలో ఒక డిజిటల్ ప్రతి ఉంటూనే ఉంది. అది ఎలా బయటపడింది? మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్ 40,000 ప్రతులు వేస్తామని ప్రకటించారు. ఒక్క పాత టేపు అన్నిసార్లు అరిగితే తట్టుకోగలదా అన్న లెక్క దగ్గర అనుమానం మొదలైంది. అంటే అంకగణితం పట్టుకుంది, చెవి కాదు! వెచ్చదనానికి చిరునామా లేదు కాబట్టి అది పోయిందో ఉందో ఎవరికీ తెలియలేదు. ఆ రికార్డులు బాగా లేవని నా ఉద్దేశం కాదు సుమా. నా దగ్గర రెండున్నాయి, అద్భుతంగా ఉంటాయి.

ఇక కళాకారుల హక్కు సంగతి. “ఆమే దగ్గరుండి చేయించింది, ఇక మాట్లాడటానికేముంది” అంటారు కొందరు. కేట్ బుష్ విషయంలో ఈ మాటకు బలముంది, ఎందుకంటే ఆమె తన పాత పనిని అలా వదిలేసే మనిషి కాదు. 2011లో రెండు పాత ఆల్బమ్‌ల నుంచి పాటలు తీసుకుని గొంతుతో సహా కొత్తగా చేసి విడుదల చేసింది. 2018 రీమాస్టర్లలో ఇంకో సంగతి జరిగింది. 2005 నాటి ‘ఏరియల్’ ఆల్బమ్‌లో చిత్రకారుడి గొంతుగా వినిపించిన రోల్ఫ్ హారిస్ 2014లో లైంగిక నేరాల కేసులో జైలుకెళ్లాడు. కొత్త ప్రతిలో ఆ మాటలు కేట్ బుష్ కొడుకు గొంతులో ఉన్నాయి. నా మటుకు ఆ మార్పు నచ్చింది. కానీ దాన్ని రీమాస్టర్ అనకూడదు. పులుసులోంచి చింతపండు తీసి నిమ్మకాయ పిండారు. గిన్నె మీద ఆ మాట రాసి ఉంటే బాగుండేది.

అసలు తమాషా ఇంకా చెప్పనే లేదు. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే వెబ్ సిరీస్ నాలుగో సీజన్‌లో ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ వాడారు. 1985లో బ్రిటన్ పట్టికలో మూడో స్థానం దగ్గర ఆగిన పాట 37 ఏళ్ల తర్వాత మొదటి స్థానానికి ఎక్కింది. మా అమ్మాయి స్నేహితులు కూడా ఫోనుల్లో అదే పాట. ఆ పిల్లలకు స్ట్రీమింగ్‌లో దొరికింది ఏ ప్రతి? పేరు పక్కనే రాసి ఉంది: 2018 రీమాస్టర్. వాళ్లలో ఒక పిల్లకు నా పాత సీడీ వినిపించాను. రెండు నిమిషాలు ఓపికగా విని, “అంకుల్, ఇది కవర్ వెర్షనా?” అని అడిగింది, అంటే ఇంకెవరో మళ్లీ పాడిందా అని. నా టేప్ రికార్డర్ మోటారు గుర్తొచ్చింది.

మరి నువ్వు ఎటు అని మీరు అడుగుతారు. ఏ ప్రతి మంచిదని గంపగుత్తగా చెప్పలేను, చోటు చెప్పి చెబుతాను. ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ మొదట్లో ఆ డ్రమ్ యంత్రం గుర్రపు అడుగుల్లా వస్తుంది చూడండి, అక్కడ నాకు కొత్తదే నచ్చింది, అడుగుకు బరువొచ్చింది. ‘వేకింగ్ ద విచ్’ మొదట్లో పడుకున్న మనిషిని లేపే గుసగుసల దగ్గర పాతదే నచ్చింది. కొత్తదానిలో గుసగుసలు నా చెవికి దగ్గరగా వచ్చేశాయి. అందుకే ఆ తర్వాత నరికిన గొంతు మీద పడినప్పుడు మునుపటిలా ఉలిక్కిపడలేదు. ‘ది మార్నింగ్ ఫాగ్’ దగ్గర ఎటూ తేల్చుకోలేక మీ దగ్గరికి తెచ్చాను.

ఇప్పుడు అదే పాట రెండుసార్లు వినిపిస్తాను. వాల్యూములు ముందే సమం చేశాను, అనుమానమున్నవాళ్లు వచ్చి మీటరు చూసుకోవచ్చు. మీ కుర్చీల మీద తలా ఒక చీటీ, పెన్సిలు ఉన్నాయి. నచ్చింది ఒకటోదా రెండోదా అన్నది తర్వాత రాద్దురు గానీ, ముందు తేడా ఎక్కడ వినిపించిందో రాయండి. గోడ గడియారం ముల్లు కనిపిస్తూనే ఉంది. “వెచ్చగా ఉంది” అని మాత్రమే రాసిన చీటీలకు ఈసారి టీ లేదు. ఆ చివర కూర్చున్న పెద్దాయనా, దయచేసి లైటు ఆర్పగలరా?