ఎముకకూ చాలు ఉంటుంది

నమస్కారమండీ. మా తిరుపతిలో ఏ ఇంట్లోనైనా అడగండి, "పెద్దావిడకు తుంటి ఎట్లా విరిగింది?" అని. "బాత్రూంలో జారిపడిందండీ" అంటారు. తప్పంతా టైల్స్‌దే. ఎముక మాట ఎవరూ ఎత్తరు.

మా పెద్దమ్మకూ అట్లాగే విరిగింది. పోయిన నెల ఆమె కూతురు, మా అక్క, ఎముక సాంద్రత, అంటే ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ చేయించుకుంది. వయసు 54, నెలసరి ఆగి నాలుగేళ్లు. ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, టీ-స్కోరు, మైనస్ 2.6. మైనస్ 2.5కి దిగితే ఎముక గుల్లబారినట్టే లెక్క. "చిన్నప్పట్నుంచీ రాగిసంగటి తిన్నదాన్ని, నాకెందుకొచ్చింది?" అని ఒకటే టెన్షన్.

ముక్కు మేనత్త చాలు, జుట్టు అమ్మమ్మ చాలు అంటాం కదా. ఎముకకూ చాలు ఉంటుంది. కవలలను పరిశీలిస్తే తేలిందేమంటే, ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సగానికి పైగా వంశం నుంచి వచ్చేదే. అట్లాగని దీనికంతా ఒక్క జన్యువే కారణం కాదు. వందలున్నాయి, చాలావాటి ప్రభావం గోరంతే.

అరుదుగా ఒక్కటే కథ మార్చేస్తుంది. స్క్లెరోస్టిన్ అని ఒక ప్రొటీన్ ఉంది, ఎముక పెరగకుండా బ్రేకు వేస్తుంది. దాని జన్యువు పనిచేయని కుటుంబాల్లో ఎముకలు విపరీతంగా బలిసిపోతాయి. అది చూసే ఆ బ్రేకు పడకుండా అడ్డుకునే రోమోసోజుమాబ్ మందు తయారుచేశారు. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. వంశంలో ఉన్న జబ్బు మందుకు దారి చూపడం నాకైతే భలే అనిపిస్తుంది.

జన్యువుల పెత్తనం ఎక్కువగా ముప్పై ఏళ్లలోపు ఎంత ఎముక కూడబెట్టామన్నదాని మీద. మెనోపాజ్‌లో ఈస్ట్రోజన్ పడిపోయాక అరుగుదల అందరికీ ఉండేదే. పుట్టింటి నుంచి తక్కువ తెచ్చుకున్నవాళ్లకు ముందు బయటపడుతుంది. సంగటిలో కాల్షియం దండిగా ఉంది, కాదనను. అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఇంత ఎండ కాసే తిరుపతిలోనే, మెనోపాజ్ దాటిన ఆడవాళ్లను ఇక్కడి స్విమ్స్ ఆస్పత్రి డాక్టర్లు పరీక్షిస్తే ఎక్కువమందిలో అది తక్కువే. ఆ అధ్యయనం 2005లో అచ్చయింది.

ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో ఒక ప్రశ్న ఉంటుంది: తల్లికి గానీ తండ్రికి గానీ తుంటి విరిగిందా? అక్క "లేదు" అని టిక్కు పెట్టి వచ్చింది.

"అదేందక్కా, పెద్దమ్మకు విరిగింది కదా?"

"అమ్మ జారిపడింది కదరా!"