షెర్రీ రుచి చూడటం ఎలా? హెరెస్ బొడేగాల్లో ఒక రోజు

నమస్కారం అండి. విస్కీ సీసాల మీద ‘షెర్రీ క్యాస్క్’, అంటే షెర్రీ పీపా అనే మాట మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పీపాల పేరు తెలిసినంతగా వాటిలో ఉండే వైన్ గురించి మనకు తెలియదు. ఈరోజు ఆ వైన్ పుట్టిన ఊరికి వెళ్దాం.

స్పెయిన్ దేశం దక్షిణాన, అట్లాంటిక్ సముద్రం దగ్గర మూడు ఊళ్లున్నాయి. హెరెస్ దె లా ఫ్రోంతేరా, సాన్‌లూకర్ దె బరమేదా, ఎల్ ప్వెర్తో దె సాంత మరీయా. షెర్రీకి పుట్టిల్లు ఈ మూడూళ్లే. అరబ్బుల పాలనలో హెరెస్‌ను షెరీష్ అనేవారు. ఇంగ్లీషువాళ్ల నోట్లో అది షెర్రీ అయింది. బొడేగా అంటే ఈ వైన్‌ను పీపాల్లో పోసి ఏళ్ల తరబడి మాగబెట్టే కట్టడం.

ముందుగా ఒక మాట. షెర్రీ అంటే తియ్యగా ఉంటుందనుకుని వెళ్లకండి. అక్కడివాళ్లు మధ్యాహ్నం భోజనానికి ముందు తాగే ఫీనో అనే రకం షెర్రీలో తీపి అసలు ఉండదు. నేను మొదటిసారి తాగినప్పుడు నాలుక మీద ఉప్పుగాలి తగిలినట్టు, పులిసిన పిండి వాసన వచ్చినట్టు అనిపించింది. ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుందో బొడేగా లోపల కళ్లారా చూశాకే అది నాకు నచ్చడం మొదలైంది. అందుకే ఈ వైన్‌ను సీసా కొనుక్కుని తాగడం కంటే, ముందు పీపా దగ్గర నిలబడి రుచి చూడమని చెప్తాను.

ఎలా వెళ్లాలి? దక్షిణ స్పెయిన్‌లోని పెద్ద నగరం సెవిల్ నుంచి హెరెస్‌కు రైల్లో గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. కారు వద్దు. ఈ వైన్లలో ఆల్కహాల్ 15 శాతం నుంచి 20 శాతం దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. గ్లాసు చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. టూర్ ముందే బుక్ చేసుకోండి, ఉదయం పూట అయితే మంచిది. కడుపు నిండా తిని వెళ్లండి. ఆ రోజు సెంటు పూసుకోకండి, ఎందుకంటే ఇక్కడ సగం పని ముక్కుదే.

సరే, లోపలికి వచ్చాం. ముందు పైకి చూడండి. కప్పు ఎంత ఎత్తులో ఉందో! గోడలు బాగా మందం. కిటికీలు పైన, గోడ చివర్లో ఉంటాయి. వాటికి గడ్డితో అల్లిన తడికలు వేలాడుతున్నాయి. మన ఇళ్లలో వేసవికి వట్టివేళ్ల తడికలు కట్టినట్టే. నేల మీద పరిచినది ఇసుక. ఎండాకాలంలో దాని మీద నీళ్లు చల్లుతారు. పడమటి నుంచి వచ్చే తేమ గాలిని ఇక్కడ పోనియెంతె అంటారు. ఆ గాలిని లోపలికి రానివ్వడానికి, తూర్పు నుంచి వచ్చే పొడి వడగాలి లెవాంతెను ఆపడానికి కట్టడం మొత్తం ఇలా కట్టారు. ఏసీ లేకుండానే ఎంత చల్లగా ఉందో చూడండి.

ఇంత శ్రమ ఎందుకంటే, పీపాలో ప్రాణమున్న జీవి ఒకటుంది. చాలా బొడేగాల్లో ఒక పీపాకు ముందువైపు గాజు పలక పెడతారు. అక్కడ తొందరపడకుండా నిలబడి చూడండి. వైన్ మీద తెల్లగా, ముడతలు పడిన తెట్టు కనిపిస్తుంది. అది ఈస్ట్. ఇక్కడివాళ్లు దాన్ని ఫ్లోర్, అంటే పువ్వు అని ముద్దుగా పిలుస్తారు. 600 లీటర్ల పీపాను పూర్తిగా నింపరు. ఆరో వంతు ఖాళీ వదిలేస్తారు, ఆ తెట్టుకు గాలి కావాలి కాబట్టి. అది వైన్‌ను దుప్పటిలా కప్పి గాలి తగలనివ్వదు. వైన్‌లోని ఆల్కహాల్‌ను, గ్లిజరిన్‌ను తింటూ బతుకుతుంది. ఫీనో నాలుకకు అంత పొడిగా, తేలిగ్గా తగిలేది అందుకే.

ఇప్పుడు అసలు కిటుకు. పలోమినో అనే తెల్ల ద్రాక్ష నుంచి వచ్చిన వైన్‌కు ద్రాక్ష స్పిరిట్ కలిపి 15 శాతానికి తెస్తే తెట్టు హాయిగా పెరుగుతుంది. అది ఫీనో అవుతుంది. 17 శాతం దాటిస్తే తెట్టు బతకదు. వైన్‌కు నేరుగా గాలి తగిలి, ఏళ్లు గడిచే కొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. అది ఒలొరోసో. రెండు శాతం తేడాతో ఒకే ద్రాక్ష రెండు దారులు పడుతుంది. బొడేగాలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

తర్వాత, పీపాలను వరుసల మీద వరుసలు పేర్చిన చోట ఆగండి. నేలకు ఆనుకున్న వరుస సొలేరా, పైవి క్రియదేరాలు. సీసాల్లో నింపడానికి కింది వరుస నుంచి కొంతే తీస్తారు. తీసినంత మేర పై వరుసతో నింపుతారు, దాన్ని ఇంకా పై వరుసతో. కొత్త వైన్ అన్నిటికంటే పై వరుసలోకి వస్తుంది. కింది పీపా ఎప్పుడూ ఖాళీ అవదు. మన అమ్మమ్మల తరవాణి కుండ గుర్తొస్తోందా? రోజూ కొంత వాడుతూ, కొత్త గంజి కలుపుతూ, పాత పులుపును పోనివ్వకుండా నిలబెట్టేవారు కదా. అదే పద్ధతి. అందుకే చాలా షెర్రీ సీసాల మీద ఫలానా ఏడాది పంట అని ఉండదు. బాగా పాత వాటి మీద మాత్రం సగటు వయసు తెలిపే ముద్ర ఉంటుంది. 20 ఏళ్లు దాటితే వి.ఓ.ఎస్., 30 దాటితే వి.ఓ.ఆర్.ఎస్. గైడ్‌ను ‘ఈ సొలేరాకు ఎన్ని వరుసలు?’ అని అడగండి. మీ ఆసక్తి చూసి వాళ్లు ఇంకా చాలా చెప్తారు.

పొడవాటి సన్నని కడ్డీకి చిన్న గిన్నె బిగించిన పరికరం వెనెన్సియా. దాన్ని తెట్టు చెదరకుండా నిటారుగా, వేగంగా పీపాలోకి దించి తీస్తారు. పై నుంచి ధారగా గ్లాసులోకి పోస్తారు. ఈ పనిమంతుల చేతి నేర్పు చూసి తీరాలి.

ఇక రుచి. వరుస తప్పకండి. లేతది ముందు, తీపిది చివర. మొదట ఫీనో, చల్లగా. ముందు వాసన చూడండి, చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. పచ్చి బాదం, పిండి, ఉప్పు. ఒక్క ఆలివ్ కాయ నమిలి మళ్లీ తాగండి, రుచి మారిపోతుంది. తర్వాత అమొంతిల్యాదో. ఇది తెట్టు కింద మొదలై, తెట్టు పోయాక గాలిలో మాగిన వైన్, రెండు లోకాలూ అందులో ఉంటాయి. నాకు ప్రాణం ఇదే. ఆ తర్వాత ఒలొరోసో. వాసన తియ్యగా ఉంటుంది, నోట్లో తీపి ఉండదు, వాల్‌నట్ గుర్తొస్తుంది. చివరగా పెద్రో హిమెనెథ్. ద్రాక్షను ఎండబెట్టి చేస్తారు కాబట్టి నల్లగా, చిక్కగా, ఖర్జూరం కలిపిన బెల్లం పాకంలా ఉంటుంది. దీన్ని ముందు తాగితే మిగతావేవీ నాలుకకు అందవు. గ్లాసు ఖాళీ చేయాలనే నియమం లేదు. ఉమ్మడానికి గిన్నె అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఏ బొడేగా? మొదటిసారైతే 1835లో మొదలైన గొన్సాలెస్ బియాస్ లాంటి పెద్దదొకటి. ఆ తర్వాత 1830లో ఒక పీపాల వడ్రంగి పెట్టిన ఎల్ మాయెస్త్రో సియెర్రా లాంటి చిన్నదొకటి. రోజుకు రెండు మించి వద్దు. సాయంత్రం ఊళ్లో తబాంకోలకు వెళ్లండి. అవి పీపా నుంచే పోసే పాతకాలపు దుకాణాలు. శాకాహారులకు ఆలివ్, బాదం, చీజ్ దొరుకుతాయి.

మరో రోజు ఉంటే బస్సెక్కి సాన్‌లూకర్ వెళ్లండి. గ్వాదల్కివీర్ నది సముద్రంలో కలిసే ఊరు. అక్కడి తేమకు తెట్టు ఏడాది పొడుగునా మందంగా ఉంటుంది. అక్కడ మాగిన దానికే మంజనీయా అనే పేరు. నది ఒడ్డున రొయ్యలతో తాగి చూడండి. హెరెస్‌లో తాగిన ఫీనోకు, దీనికి తేడా మీకే తెలుస్తుంది.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి? ఇండియాకు సుంకం లేకుండా రెండు లీటర్లే తెచ్చుకోవచ్చు. ఫీనోను, మంజనీయాను అక్కడే తాగేయండి. తెట్టు కింద గాలి తెలియకుండా పెరిగిన వైన్లవి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టినా కొన్ని రోజులే నిలుస్తాయి. ఒలొరోసో పీపాలోనే గాలికి అలవాటు పడింది. సీసా తెరిచాక కూడా వారాల పాటు బాగుంటుంది. నేనైతే సూట్‌కేస్‌లో చోటు దానికే ఇస్తాను.