ఫోన్-ఇన్: కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నవారికి పెట్రోల్, జాకీ జాగ్రత్తలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. నల్లగొండలో చాలాకాలంగా కార్ల షెడ్డు నడుపుతున్న మెకానిక్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి ఫోను జడ్చర్ల నుంచి. చెప్పండి.

జడ్చర్ల శ్రోత: నమస్కారం సార్. పోయిన నెల టర్బో ఇంజను ఉన్న స్పోర్ట్స్ కారు కొన్నాను. ఖరీదైన పెట్రోల్ పోయిస్తే ఇంకా వేగంగా వెళ్తుందని బంకులో అంటున్నారు. నిజమేనా?

మెకానిక్: పెట్రోల్ మూత తెరిచి లోపల అంటించిన కాగితం చదివారా?

జడ్చర్ల శ్రోత: లేదు సార్.

మెకానిక్: ముందు అది చదవండి. అందులో ఆక్టేన్ సంఖ్య ఉంటుంది, 91 అనో 95 అనో 98 అనో. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాలు ఎంతవరకు పనికివస్తుందో కూడా ఉంటుంది, ఇ10 అనో ఇ20 అనో, అంటే 10 శాతం, 20 శాతం అని. ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదండీ, ఒత్తిడికి అది ఎంత ఓర్చుకుంటుందన్న లెక్క. టర్బో ఇంజను గాలిని గట్టిగా కుక్కుతుంది. ఓర్పు తక్కువ పెట్రోల్ అయితే ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే ఒక మూల దానంతట అదే అంటుకుంటుంది. లోపల టకటకమని కొట్టుకునేది అందుకే. ఇప్పటి కార్లలో ఆ చప్పుడు పసిగట్టే సెన్సరు ఉంటుంది. వెంటనే ప్లగ్గును కాస్త ఆలస్యంగా వెలిగిస్తుంది. ఇంజను బతుకుతుంది గానీ లాగుడు తగ్గుతుంది. మన మే నెల ఎండలో ఇది ఇంకా ఎక్కువ. కారు అడిగిన సంఖ్యకు తగ్గకండి. అంతకన్నా ఎక్కువ పోసి డబ్బు తగలేయనక్కరలేదు.

జడ్చర్ల శ్రోత: మామూలు పెట్రోల్ 91 కదా సార్?

మెకానిక్: 2020లో బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు 91. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి 95కు చేరిందని ప్రభుత్వం చెప్పింది. మీ కారు 98 అడిగితే మాత్రం హైదరాబాద్‌లో నింపుకొని బయలుదేరండి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోల్ తెచ్చింది. పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మిర్యాలగూడ నుంచి మరో శ్రోత.

మిర్యాలగూడ శ్రోత: నమస్కారమండీ. మాకు రైసుమిల్లు ఉంది. లారీలు, ట్రాక్టర్లు అన్నీ నా చేతిమీదుగా నడిచినవే. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండు తలుపుల కారు ఒకటి కొన్నాడు. నేలకు ఆనుకుని ఉంటుంది, ఎక్కాలంటే నాకు మోకాళ్లు పట్టేస్తాయి. మొన్న పండక్కి వస్తూ ఉంటే నార్కట్‌పల్లి దాటాక పంక్చరు అయింది. అక్కడ పంక్చరు షాపు కుర్రవాడు జాకీ పెట్టాడు, పక్కన ప్లాస్టిక్ పట్టీ ఫట్‌మని పగిలింది. దానికి అయిన ఖర్చుతో ఇంకో... సరే, అది పోనివ్వండి. దానికి మామూలు పెట్రోల్ పోయవచ్చా?

మెకానిక్: ఇప్పుడే చెప్పాను కదండీ, మూతలో ఉన్న సంఖ్య చూడాలి.

మిర్యాలగూడ శ్రోత: చూశాను. 95 అని ఉంది. దాని కింద ఇ10 అని ఉంది.

మెకానిక్: ఎప్పటి కారు?

మిర్యాలగూడ శ్రోత: 2019.

మెకానిక్: అయితే చిక్కు ఆక్టేన్‌తో కాదు, ఇథనాల్‌తో. ఇ10 అని రాసిన కారులో రబ్బరు గొట్టాలు, వాషర్లు 10 శాతం దాకా ఇథనాల్‌కే చేసినవి. 20 శాతం పోస్తే రేపే ఆగిపోతుందని భయపెట్టను. కానీ సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా పెట్రోల్ గొట్టాలు ఉబ్బాయా, బీటలు వారాయా, చెమ్మ కనిపిస్తోందా చూడమని గట్టిగా అడగండి. పెట్రోల్ వాసన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ఇంకో మాట, ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఇలాంటి కార్లు నెలల తరబడి గుడ్డ కప్పుకుని నిలబడి ఉంటాయి. సగం ట్యాంకుతో అలా వదిలేయకండి.

మిర్యాలగూడ శ్రోత: అంటే మామూలు పెట్రోల్ పోయవచ్చనా, వద్దనా?

మెకానిక్: అయ్యా, మీరు రెండోసారి అడుగుతున్నారు. బంకులో ఇథనాల్ ఎంతో అడగండి. ఇ10కు లోబడినది, 95కు తగ్గనిది దొరికితే అదే పోయించండి. దొరకకపోతే మామూలుదే పోయించి, గొట్టాలు కనిపెట్టుకుని ఉండండి. సరేనా?

మిర్యాలగూడ శ్రోత: సరే సరే. అసలు నేను ఫోను చేసింది దానికి కాదు. మా వాడు మిల్లు ముందు ఖాళీ జాగాలో కారును జాకీతో ఎత్తి, రెండు ఇటుకలు పెట్టి కిందికి దూరుతున్నాడు. కంప్యూటరులో చూసి అన్నీ తానే చేసుకుంటాడట. వద్దంటే వినడు.

మెకానిక్: ఇటుకలా? అబ్బాయిని ఇవాళే ఆపండి. జాకీ ఉన్నది ఎత్తడానికి, నిలబెట్టడానికి కాదు. ఇటుక బరువు మోస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా పొడి అవుతుంది. బండరాయి జారుతుంది. ఇనుప స్టాండ్లు జత కొనిపించండి. కారు బరువు స్టాండ్ల మీద కూర్చున్నాక, చేత్తో ఊపి చూశాకే కిందికి వెళ్లాలి. మిల్లు ముందు నేల ఎలా ఉంటుంది?

మిర్యాలగూడ శ్రోత: మట్టే. పైన ఊక.

మెకానిక్: అక్కడ అసలు ఎత్తకూడదు. జాకీ దిగబడుతుంది, ఒరుగుతుంది. గచ్చు ఉన్న చోటికి తీసుకెళ్లండి. హ్యాండ్‌బ్రేకు వేసి, ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. చక్రం విప్పాలంటే చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలి, గాలిలో లేపాక బలం ఉపయోగిస్తే కారు స్టాండు మీంచి దొర్లుతుంది.

మిర్యాలగూడ శ్రోత: జాకీ కిందికి పట్టదండీ. అంత కిందికి ఉంటుంది.

మెకానిక్: పట్టదు. ముందు చక్రాలను రెండు మందపాటి చెక్కల మీదికి మెల్లగా ఎక్కించండి, జాగా వస్తుంది. తక్కువ ఎత్తు ట్రాలీ జాకీ కూడా దొరుకుతుంది. తలుపు కింద అంచున, ముందు చక్రం వెనకాల ఒకచోట, వెనక చక్రం ముందర ఒకచోట గుర్తులు ఉంటాయి. అక్కడే జాకీ తగలాలి, మధ్యలో రబ్బరు దిమ్మ ఉండాలి. మీ ప్లాస్టిక్ పట్టీ పగిలింది ఆ గుర్తు వెతక్కపోవడం వల్లే. ఇంజను ఆయిలు తొట్టి కింద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఆ కుర్రవాడిని అననక్కరలేదు, అతనికి ఎవరూ చూపించలేదు.

మిర్యాలగూడ శ్రోత: ఒక్కడే కొడుకండీ మాకు.

మెకానిక్: అర్థమైందండీ. అందుకే ఇంతసేపు చెబుతున్నాను. స్టాండ్లు మీరే కొని ఇంట్లో పెట్టండి. ఎదురుగా ఉంటే వాడతాడు.

వ్యాఖ్యాత: వనపర్తి నుంచి.

వనపర్తి శ్రోత: సార్, నా కారుకు స్టెపినీ ఇవ్వలేదు. పంక్చరు మూసే మందు సీసా, గాలి కొట్టే యంత్రం ఇచ్చారు.

మెకానిక్: మేకు దిగినంత చిన్న రంధ్రానికే అది పనిచేస్తుంది. టైరు పక్క గోడ చిరిగితే పనిచేయదు. మందు ఎక్కించాక మెల్లగా దగ్గరి షాపు దాకా వెళ్లడానికే. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి... ఫోను తెగిపోయింది. మహబూబ్‌నగర్ నుంచి చెప్పండి అమ్మా.

మహబూబ్‌నగర్ శ్రోత: నమస్కారం సార్. మా కారు ఇంజను వెనక ఉంటుంది. పక్కన జాకీ పెట్టి ఎత్తితే ముందు చక్రంతో పాటు వెనక చక్రం కూడా లేస్తోంది. ఏమైనా విరిగిందా అని మా వారు కింద చూస్తున్నారు.

మెకానిక్: ఎప్పుడు చూస్తున్నారు?

మహబూబ్‌నగర్ శ్రోత: ఇప్పుడే సార్. కారు కిందే ఉన్నారు.

మెకానిక్: స్టాండ్లు పెట్టారా?

మహబూబ్‌నగర్ శ్రోత: జాకీ ఒక్కటే ఉంది.

మెకానిక్: అమ్మా, ముందు ఆయనను బయటికి రమ్మనండి. ఫోను పట్టుకునే ఉంటాను. జాకీని తాకవద్దని చెప్పండి. పక్కకు జరుగుతూ రమ్మనండి.

వ్యాఖ్యాత: శ్రోతలు దయచేసి వేచి ఉండండి.

మహబూబ్‌నగర్ శ్రోత: వచ్చారు సార్. పక్కనే ఉన్నారు, వింటున్నారు.

మెకానిక్: మంచిది. ఏమీ విరగలేదమ్మా. కారు గట్టిగా బిగిసి ఉంటే, ఒక చోట ఎత్తినా ఆ వైపంతా లేస్తుంది. అందులో తప్పులేదు. ఇప్పుడు కారును నెమ్మదిగా దించమనండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మెకానిక్ గారికి ధన్యవాదాలు.

మెకానిక్: అమ్మా, దించేశారా?

మహబూబ్‌నగర్ శ్రోత: దించుతున్నారు సార్... ఆ, నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నాయి.