ఇజ్రాయెల్, పాలమూరు, ఒక బత్తాయి తోట

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర నాకు తెలిసిన ఒక రైతుకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మే నెలలో ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఆయన, చెట్ల మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్ళు పోసే డ్రిప్పు పైపుల చివర మూతలు ఒక్కొక్కటే విప్పి కడుగుతున్నాడు. మూత తీయగానే ముందు ఎర్రటి బురద వచ్చింది, తర్వాత సున్నం లాంటి తెల్లటి పొడి, ఆ తర్వాతే నీళ్ళు. ఆ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కొన్నాళ్ళు పట్టించుకోకపోతే డ్రిప్పర్ల నోళ్ళు పూడుకుపోతాయి. ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ అడిగాడు: "సారూ, ఇజ్రాయెల్‌లో వానే పడదట కదా! అయినా ఎడారిలో పండిస్తారట. మరి మనకేమయింది?"

వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్ళూ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ రైతు సదస్సు జరిగితే, వేదిక మీద ఒక్కరైనా ఇజ్రాయెల్ పేరు ఎత్తకుండా మైకు వదలరు. కింద కూర్చున్న రైతు తప్పంతా తనదే అన్నట్టు తల దించుకుని లేచిపోతాడు. ఆ వేదికల మీద నేనూ ఆ మాట అన్నవాణ్ణే. అందుకే ఈ పోలికను ఒకసారి తూకం వేసి చూద్దామనిపించింది.

ఇజ్రాయెల్ విస్తీర్ణం సుమారు 22,000 చదరపు కిలోమీటర్లు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒక్కటే 18,000 పైచిలుకు. దానికి పాత నల్లగొండను కలిపితే 32,000 దాటుతుంది. అంటే మనం పోలుస్తున్నది రెండు జిల్లాల కన్నా చిన్న దేశంతో. అక్కడి జనాభా కోటికి దగ్గర. 2011 లెక్కల ప్రకారం మన రెండు పాత జిల్లాలవారూ కలిసి 75 లక్షలు. ఇంతవరకు పోలిక బాగానే కుదిరింది.

ఇక వాన సంగతి. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. జెరూసలేంలో పడేది 550కి అటూ ఇటూ. ఇంకో మాట చెబితే మీరు నమ్మరేమో, లండన్‌లో పడేది కూడా 600 దరిదాపులే. ఎప్పుడూ ముసురు పట్టి ఉంటుందని పేరుపడ్డ లండన్, కరువుకు మారుపేరైన పాలమూరు వాన లెక్కలో ఇంచుమించు ఒకటే! తేడా వాన పడే తీరులో ఉంది. లండన్‌లో అది ఏడాది పొడవునా సన్నగా కురుస్తుంది. మన దగ్గర నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని భారీ వానల్లో, కుమ్మరించి పోతుంది. ఆ నీళ్ళను పట్టి ఉంచడానికే పూర్వం వాళ్ళు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఉదయ సముద్రం కందూరు చోళుల నాటిది. ఇప్పుడు అందులోకి కృష్ణా నీళ్ళు కూడా వస్తున్నాయి.

ఇజ్రాయెల్‌లో అంతటా ఒకే వాన పడుతుందని కూడా అనుకోకండి. ఉత్తరాన గలిలీ కొండల్లో 700 మిల్లీమీటర్లు దాటుతుంది. దక్షిణాన నెగెవ్ ఎడారి అంచున బీర్‌షెబాలో 200, ఎర్ర సముద్రం ఒడ్డున ఎయిలత్‌లో 30 కూడా ఉండదు. ఒక దేశం పేరు చెప్పి పోల్చినప్పుడు జరిగే పొరపాటు ఇదే. వాళ్ళకూ ఒక కోనసీమ ఉంది, ఒక పాలమూరు ఉంది. మన కల్వకుర్తి పక్కన పెట్టి చూడాల్సింది నెగెవ్‌ను. అలా చూస్తే కల్వకుర్తే నయం, మూడింతల వాన పడుతుంది.

మరి నెగెవ్‌కు నీళ్ళెలా వచ్చాయి? ఉత్తరాన ఉన్న గలిలీ సరస్సు నీటిమట్టం సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా కిందనే ఉంటుంది. అంత లోతు నుంచి మోటార్లతో పైకి ఎత్తి, కాలువలు, సొరంగాలు, పైపుల ద్వారా సుమారు 130 కిలోమీటర్లు దక్షిణానికి పారించారు. 1964లో ఆ పథకం మొదలైంది. ఇది వింటే మీకేం గుర్తొస్తోంది? మన ఎత్తిపోతలే కదా! కృష్ణమ్మ నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర మన తెలంగాణ గడ్డ మీద అడుగుపెట్టి, పాలమూరు అంచునే పారుతూ, పొలాలకు అందనంత లోతున వెళ్ళిపోతుంది. జూరాల నిండా నిండినా నీటిమట్టం 318 మీటర్లు. మహబూబ్‌నగర్ పట్టణం 500 మీటర్ల దరిదాపుల్లో ఉంది. కల్వకుర్తి పథకంలో శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు మెట్లుగా ఎత్తవలసి వచ్చింది అందుకే. పొరుగువారితో తగాదా కూడా రెండు చోట్లా ఉంది. జోర్డాన్ నది నీళ్ళ కోసం అక్కడ తుపాకులు పేలాయి. మనం ట్రిబ్యునళ్ళతో సరిపెట్టుకుంటున్నాం, అది మన అదృష్టం.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని లెక్క ఒకటి చెబుతాను. ఇజ్రాయెల్ దేశమంతా, తాగడానికీ పరిశ్రమలకూ పొలాలకూ అన్నిటికీ కలిపి, ఏడాదికి వాడే నీళ్ళు సుమారు 80 టీఎంసీలు. మన నాగార్జునసాగర్ ఒక్కటే నిండితే 312 టీఎంసీలు పడతాయి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు అనుకున్నదే 90 టీఎంసీలు. ఆ దేశం ఏడాదంతా బతికే నీళ్ళ కన్నా మన ఒక్క పథకం కోరేది ఎక్కువ.

ఇక్కడ ఆగి, వేదికల మీద చెప్పని సంగతులు కొన్ని చెప్పాలి. ఇజ్రాయెల్‌లో తినే గోధుమల్లోనూ పశువుల దాణాలోనూ ఎక్కువ భాగం ఓడల్లో దిగుమతి అవుతుంది. గింజ పండించడానికి పట్టే నీళ్ళను వాళ్ళు వేరే దేశాల పొలాల్లోనే వదిలేస్తారు. పనిచేసేవాళ్ళలో వందకు ఒకరో ఇద్దరో మాత్రమే వ్యవసాయంలో ఉన్నారు. తాగునీటిలో చాలా భాగం సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి చేసుకుంటున్నారు. మనకు సముద్రం లేదు. మనం వరి వేస్తాం, వడ్లు పంపిస్తాం. ఆ వడ్లతో పాటు సాగర్ నీళ్ళు కూడా లారీలెక్కి పోతున్నాయనే చెప్పాలి.

డ్రిప్పు ఒక్కటే మనం అక్కడి నుంచి తెచ్చుకున్నాం. సింఖా బ్లాస్ అనే నీటి ఇంజనీరు, కారుతున్న పైపు పక్కన ఒక చెట్టు మిగతా వాటికన్నా ఏపుగా పెరగడం చూసి ఆ ఆలోచన చేశాడని చెబుతారు. 1965లో హాట్జెరిమ్ అనే సామూహిక వ్యవసాయ గ్రామం ఆ పరికరాల తయారీ మొదలుపెట్టింది. మంచిదే. కానీ అంతకు ఆరేళ్ళ ముందే, 1959లో, వాళ్ళు ఒక చట్టం చేసుకున్నారు. నీ పొలం కింద ఉన్న నీళ్ళు కూడా నీవి కావు, దేశానివి. తోడాలంటే అనుమతి ఉండాలి, కోటా ఉండాలి, మీటరు ఉండాలి, డబ్బు కట్టాలి.

మన దగ్గర బోరు ఎవరిదైతే నీళ్ళు వాళ్ళవి. బోర్లకు అదుపు పెట్టే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002లోనే వచ్చింది. అయినా నీళ్ళ జాడ కోసం పట్టుకున్న కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డ చోట రాత్రికి రాత్రి రిగ్గు లారీ దిగుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. అంతకుముందు అర్ధరాత్రి కరెంటు కోసం బ్యాటరీ లైటు పట్టుకుని బావి దగ్గరికి పోయి పాము కాటుకు గురైన వాళ్ళను నేనెరుగుదును, కాబట్టి ఆ కరెంటును తప్పుపట్టను. కానీ ఆటో స్టార్టరు పెట్టి వదిలేసిన మోటారు, మడి నిండినా పోస్తూనే ఉంటుంది. వేదిక మీద ఇజ్రాయెల్ డ్రిప్పు గురించి అరగంట మాట్లాడినవాళ్ళు ఇజ్రాయెల్ మీటరు గురించి అర నిమిషం మాట్లాడగా నేను వినలేదు. నేనూ మాట్లాడలేదు. రెండెకరాల రైతుకు మీటరు బిగించమని ఇప్పుడూ అనను, ఆయన దగ్గర కట్టడానికేముంది? సగం సంగతి దాచి పోల్చడమే నాకు కష్టంగా ఉంది.

ఇంకొకటి. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో దాదాపు 90 శాతాన్ని శుద్ధి చేసి పొలాలకు పంపుతుంది. టెల్ అవీవ్ చుట్టుపక్కల మురుగును శుద్ధి చేసి, ఇసుక పొరల్లోకి ఇంకించి, మళ్ళీ తోడి నెగెవ్‌కు పారిస్తారు. మురుగునీళ్ళతో పండించడంలో మనమూ వెనకబడలేదు! హైదరాబాదు మురుగు మూసీలో దిగి, భువనగిరి, వలిగొండ వైపు కత్వల (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) మీదుగా పొలాల్లోకి వస్తుంది. కత్వ దూకే చోట తెల్లటి నురుగు మనిషి ఎత్తున లేస్తుంది. ఆ నీళ్ళలో దిగి నాట్లు వేసే ఆడవాళ్ళను అడగండి, కాళ్ళు ఎంత దురద పెడతాయో చెబుతారు. తేడా అంతా మధ్యలో ఉండవలసిన శుద్ధిలోనే ఉంది. ఈ విషయంలో మాత్రం ఇజ్రాయెల్‌తో పోల్చి ఎవరైనా నిలదీస్తే, తల దించుకోవలసింది గుర్రంపోడు రైతు కాదు, పైనున్న నగరం.

ఈ సంగతులన్నీ ఆ రోజు తోటలో ఆయనకు చెప్పాను. ముంబై బస్సెక్కి కూలికి వెళ్ళి, ఆ డబ్బుతో బోరు వేయించుకున్న మనిషి. ఓపికగా విన్నాడు. ఉడుత కొరికిన పైపు ముక్కను కోసి, కొత్త ముక్క అతికిస్తూ అడిగాడు: "అది సరే గానీ సారూ, అక్కడ పైపులను ఉడుతలు కొరకవా?"

ఉడుతల సంగతి తెలియదు గానీ, అక్కడ వడ్రంగి పిట్టలు పొడుస్తాయని, నీళ్ళ కోసం నక్కలు కొరుకుతాయని చదివానని చెప్పాను.

ఆయన ముఖం విప్పారింది. "అట్లనా! నక్కలా!" అంటూ గట్టిగా నవ్వి, వెళ్ళి మోటారు వేశాడు.

నమస్కారం.